గోడకు రంధ్రం, సమ్మా ఆజీవం



పాణ్యం, నంద్యాల వైపు మన పిల్లలు చాలామంది బేల్దారి పనికి, ప్లంబింగుకు పోతున్నారు. ధమ్మం తీసుకున్నవాళ్లకు ఒక సందేహం రావడం సహజం. ఉపాసకుడు చేయకూడదని బుద్ధుడు చెప్పిన వ్యాపారాలు 5: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. మా పని వీటిలో లేదు, అంటే మాది సమ్మా ఆజీవమేనా?

అంతమాత్రాన చాలదు. ఎందుకు చాలదో గోడకు వేసే రంధ్రంతోనే చూద్దాం.

బేతంచెర్ల నాపరాయి మనది. పాణ్యం పేరుతో 1955లో పుట్టిన సిమెంటు కంపెనీ కూడా ఆ పక్కనే, సిమెంట్ నగర్‌లో ఉంది. రాతిగోడలో పైపు పోనియ్యాలంటే ఒక రాయి తప్పిస్తే సరిపోయేది. కాంక్రీటు అట్లా కాదు. అంతా ఒకే ముద్ద, లోపల కడ్డీలు. ఉలి పెట్టి కొడితే ఆ పక్క అరచేయంత పెళ్ల ఊడుతుంది. అందుకే కోర్ కటింగ్ మిషన్. దాని గొట్టం అంచున వజ్రపు రవ్వలు కలిపిన పళ్లుంటాయి. అది కొట్టదు, అరగదీస్తుంది. మిషన్ కదలకుండా బిగించి, నీళ్లు పారిస్తా, తొందరపడకుండా నొక్కితే బీట లేకుండా గుండ్రంగా తెగుతుంది. బయటి గోడైతే బయటికి కొంచెం వాలు పెట్టాల, లేకుంటే వాననీళ్లు ఇంట్లోకొస్తాయి.

సతిపట్ఠాన సుత్తంలో శ్వాస మీద ఎరుక గురించి చెబుతూ బుద్ధుడు తరిమెన పట్టే పనివాణ్ణి ఉదాహరణగా తెచ్చినాడు. పొడుగు తిప్పు తిప్పేటప్పుడు పొడుగని, పొట్టిదైతే పొట్టిదని తెలిసి తిప్పేవాడు. రాజును తేలేదు, పురోహితుణ్ణి తేలేదు, గమనించండి.

అయితే ఆ ఎరుక చేతిలో ఉంటే సరిపోతుందా? ఆ వజ్రపు పళ్లు ఇనుమును కూడా కోస్తాయి. దూలంలో కడ్డీ తగిలితే శబ్దం మారుతుంది, మిషన్ బరువెక్కుతుంది. ఆగకుండా నొక్కితే కడ్డీ తెగిపోతుంది. బయటికి తీసిన కాంక్రీటు ముక్కలో ఆ తెగిన చోటు రూపాయి బిళ్లలా మెరుస్తా కనబడుతుంది. పైపు పెట్టి పూత పూసినాక ఇంకెవరికీ కనబడదు. రంధ్రం మాత్రం ఎంతో నునుపు!

ఇంటాయన "ఏం కాదులేప్పా, కానీ" అంటాడు. మేస్త్రీ టైము చూసుకుంటాడు. ఆగితే ఆ పూట కూలి పోవచ్చు. ఆ దూలం కింద పడుకునే పిల్లల తరఫున మాట్లాడేవాళ్లు అక్కడ లేరు. 1957లో అచ్చయిన ‘ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’లో బాబాసాహెబ్ ధమ్మాన్ని మనిషికీ మనిషికీ నడుమ ఉండాల్సిన సంబంధంగా చెప్పినాడు. ఒంటరిగా ఉండే మనిషికి దాని అవసరం లేదన్నాడు. కోసేవాడు ఆ పిల్లల్ని ఎప్పుడూ చూడకపోవచ్చు. కానీ మిషన్ ఆన్ చేసినప్పుడే వాళ్లకూ అతనికీ సంబంధం కలిసింది.

ఆగడం పనివాడి శీలమే. అయినా ఆ భారమంతా కూలికి పోయినోడి మీదే వేయడం అన్యాయం. అది గోడా, దూలమా, కడ్డీలు ఎక్కడున్నాయి అని ఇంజనీరును ముందే అడిగి గుర్తు పెట్టించాల్సింది ఇంటాయన, మేస్త్రీ. గది తడుస్తుందని నీళ్లు వద్దనే ఇంటాయనలూ ఉంటారు. తడిసిన గచ్చు సాయంత్రానికి ఆరుతుంది. పొడిగా కోసినప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తే, దాన్ని నయం చేసే మందు లేదు.

ఇప్పుడు మనవాళ్లలోనూ మేస్త్రీలున్నారు, మిద్దెలు కట్టించుకునేవాళ్లున్నారు. కడ్డీ తగిలిందని ఆగిన పిల్లోడికి పూట కూలి కోసిన మేస్త్రీ మనవాడే అయితే, వచ్చే పున్నమికి వందనకు కూర్చున్నప్పుడు ముందు అతన్నే అడుగుదాం.