తిరిగిరాని తరంగము

వానకాలపు మొదటినాళ్లలో, సన్నని జల్లు కురిసిన సాయంకాలమున, నిర్మల్ నుండి ఆదిలాబాదు దిక్కుగా మహబూబ్ ఘాటు నెక్కువాడు తెలిసియో తెలియకయో ఒక ప్రమాణవిచారములో, అనగా దేనివలన జ్ఞానము కలుగునను చర్చలో, ప్రవేశించుచున్నాడు. చేల నుండి ట్రాక్టరు చక్రములు మోసికొనివచ్చిన నల్లరేగడియు, వేసవియంతయు వాహనములు విడిచిన నూనెజిడ్డును ఆ కొద్దిపాటి తడిలో కలిసి తారుపై పలుచని పొరయై నిలుచును. పెద్దవాన కడిగివేయగల ఆ జిడ్డును జల్లు కేవలము మేలుకొలుపును. కంటికి దారి కనబడును గాని దాని జారుడు కనబడదు. చక్రము జారిన పిదప కలుగు జ్ఞానము యథార్థమే యైనను ఆలస్యమైనది.

ఈ ఆలస్యమును తొలగింప శాస్త్రజ్ఞులు వాహనపు రాడారును ఆశ్రయించుచున్నారు. ముందున్న బండి దూరమును కొలుచుటకై అమర్చిన ఆ యంత్రము 77 గిగాహెర్ట్జుల తరంగములను పంపును. వాని దైర్ఘ్యము సుమారు 4 మిల్లీమీటర్లు. పొడితారులోని కంకర గరుకు ఇంచుమించు ఆ కొలతదే యగుటచేత తరంగము నలుదిక్కుల చెదరి కొంత వెనుకకు మరలివచ్చును. నీరు ఆ గుంటలను నింపి నునుపు చేసినచో, చెరువుపై ఏటవాలుగా పడిన ఎండవలె, అధికభాగము ముందుకే పోవును. మరలిరావలసినది రాకుండుటయే ఇచ్చట తెలివికి మూలము.

అభావమును తెలిసికొనుటకు అనుపలబ్ధి (తోచకుండుట) యను ప్రత్యేకప్రమాణము కావలెనని మీమాంసకుడైన కుమారిలభట్టుని మతము. అద్వైతులును దాని నంగీకరించిరి. తర్కసంగ్రహకర్త యైన అన్నంభట్టు మొదలగు నైయాయికులు అది ప్రత్యక్షముననే యిముడునందురు. ఈ యంత్రమును తలచినపుడు నా మనస్సు కుమారిలుని అనుయాయులైన భాట్టుల వైపే మొగ్గును. అయితే వారు విధించిన యోగ్యతానియమము మరువరానిది: చీకటిలో కుండ కనబడనంత మాత్రమున కుండ లేదనరాదు. రాడారు ముఖమునకు బురద పట్టినను తరంగము తిరిగిరాదు. అందుచేతనే పరిశోధకులు ఒక్క మౌనమును నమ్మక, నిలువుగాను అడ్డముగాను కంపించు రెండు విధముల తరంగముల ప్రతిధ్వనులను సరిపోల్చి చూచుచున్నారు.

అంతకంటె లోతైన చిక్కు మరియొకటి గలదు. రాడారు గ్రహించునది నునుపు, జారుడు గాదు. నునుపు నుండి జారుడునకు పోవుట అనుమానము, దానికి వ్యాప్తిజ్ఞానము, అనగా ఒకటి ఉన్నచోట రెండవది తప్పక ఉండునను ఎరుక, కావలెను. మంచుదేశముల దారులపై నేర్చిన వ్యాప్తి మన రేగడిపొరకు చెల్లునా? సంగారెడ్డి చెంత కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. యందు, చోదకుడు లేని వాహనముల పరీక్షకై 2022లో తెరచిన టిహాన్ ప్రాంగణమున, కృత్రిమవర్షమునకు ఏర్పాటున్నది. ఆ వర్షము క్రింద ఆదిలాబాదు రేగడి యొక బండెడు పరచి చూడవలెనని నా గాఢమైన కోరిక. ఆ వ్యాప్తి ఈ దారిని ఏండ్లుగా బస్సు నడుపు డ్రైవరునకు ఇదివరకే కలదు: చేలబాట వచ్చి తారును కలియుచోట, కంటికేమియు తోచకమునుపే, అతని పాదము ఆక్సిలరేటరు నుండి మెల్లగా లేచును.