దగ్గరికొస్తే లాక్కునే గీత

ఇంక్‌స్కేప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో స్నాప్ ఆపేసి, ఒక్క పిక్సెల్ మందం ఉన్న నిలువు గీతని సరిగ్గా 10 అనే చోట పెట్టి చూడండి. నల్లగా సన్నగా రావాల్సిన గీత బూడిదరంగులో, రెండింతల లావుతో వస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. గీత తన మందాన్ని మనం చెప్పిన చోటికి అటూ ఇటూ సమంగా పంచుకుంటుంది, అంటే 9.5 నుంచి 10.5 దాకా. కానీ 10 అనేది పిక్సెల్ కాదు, రెండు పిక్సెళ్ళ మధ్య గట్టు. ఒక పిక్సెల్‌లో సగానికే రంగు పూయడం కుదరదు కాబట్టి రెండు పిక్సెళ్ళకీ సగం సగం నలుపు పూస్తుంది. అదే గీతని 10.5కి జరిపితే కత్తితో కోసినట్టు ఉంటుంది.

ఈ అవస్థ తప్పించడానికే స్నాప్ ఉంది. గీత దగ్గరికి రాగానే లాక్కుని గడిలో కూర్చోబెడుతుంది. సదుపాయమే, కాదనను. కానీ ఆ సదుపాయం వెనక ఒక వాదన ఉంది: నువ్వు ఇక్కడికి దగ్గరగా వచ్చావు, కాబట్టి నువ్వు రావాలనుకున్నది ఇక్కడికే. మనుషుల విషయంలో ఇలాంటి వాదనని మనం అంత తేలిగ్గా ఒప్పుకోం. తాటిచెట్టు కింద పాలు తాగినవాడి బాధ మన సామెతకి ఎప్పుడో తెలుసు.

ఈ వాదన వయసు అరవై ఏళ్ళ పైనే. 1963లో ఎం.ఐ.టి.లో ఐవన్ సదర్లాండ్ తన పరిశోధనలో భాగంగా చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే ఇది ఉంది. లైట్ పెన్ ఒక గీతకో బిందువుకో కాస్త చేరువగా వస్తే, చెయ్యి ఎక్కడున్నా సరే, సరిగ్గా ఆ బిందువే అని ప్రోగ్రాం తీసుకునేది. అలా తీసుకోకపోతే వణికే చేత్తో గీసిన రెండు గీతలు ఎన్నటికీ కలవవు. అయితే అదే స్కెచ్‌ప్యాడ్‌లో ఇంకొకటి కూడా చెయ్యొచ్చు. వంకర టింకరగా ఒక బొమ్మ గీసి, ఈ రెండు భుజాలూ సమాంతరంగా ఉండాలి అని చెబితే, అది సరిచేసి పెట్టేది. మొదటిదాంట్లో ప్రోగ్రాం మన మనసు ఊహిస్తోంది. రెండోదాంట్లో మనం చెప్పింది వింటోంది. ఇవాళ మన చేతుల్లో ఉన్న డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఊహించడమే బాగా పెరిగిపోయిందని నా ఫిర్యాదు.

ఊహ ఎక్కడ దెబ్బతింటుందో చూడాలంటే వీడియోల మీద కనబడే ప్లే బటన్ చాలు. వృత్తం లోపల, కుడివైపు చూసే త్రిభుజం. దాన్ని మధ్యలో పెట్టబోతే స్నాప్ ఆనందంగా లాక్కుంటుంది, కొలత ప్రకారం అది నడిమధ్యే. కంటికి మాత్రం ఎడమకి ఒరిగినట్టు ఉంటుంది. ఎందుకంటే త్రిభుజం బరువు దాని నడుము దగ్గర ఉండదు, అడుగు భుజం నుంచి మూడో వంతు దూరంలో ఉంటుంది. 24 పిక్సెళ్ళ వెడల్పు ఉంటే 4 పిక్సెళ్ళు కుడికి జరపాలి. ఆ కాస్త జరపబోతే మళ్ళీ లాగుతుంది, మళ్ళీ జరిపితే మళ్ళీ లాగుతుంది. ఇంక్‌స్కేప్‌లో షిఫ్ట్ నొక్కిపట్టి లాగితే ఊరుకుంటుంది. కన్ను చెప్పే నిజానికి ఒక మీట నొక్కి మరీ అనుమతి తీసుకోవాలన్నమాట!

స్నాప్‌తో పోలిస్తే ఫాంట్ల లోకం కాస్త మర్యాదైనది. ఇంగ్లీషు ఓ అక్షరాన్ని హెచ్ కంటే రవ్వంత ఎత్తుగా గీస్తారు, లేకపోతే చిన్నదిగా కనిపిస్తుంది. చిన్న సైజులో ఆ రవ్వంత పిక్సెల్‌లో ముక్క కూడా ఉండదు. దాన్ని పూర్తి పిక్సెల్‌గా చూపిస్తే ఓ బుర్ర పెరిగినట్టు ఉంటుంది. అందుకని, ఈ సైజులో ఆ తేడా వదిలెయ్యి, అనే సూచన ఫాంట్‌లోనే ఉంటుంది. సైజు పెరగ్గానే ఆ రవ్వంత తిరిగొస్తుంది. విండోస్ చాలాకాలం అక్షరాన్ని పిక్సెల్ వైపు లాగింది, మ్యాక్ కాస్త మసకబారినా అక్షరం ఆకారాన్నే పట్టుకుంది. వాటి అభిమానులు దీనిమీద బాగానే కొట్టుకున్నారు. (నిలువు కాళ్ళు పెద్దగా లేని మన గుండ్రటి లిపికి, చిన్న సైజులో ముద్దకట్టే వత్తులకి, ఆ గొడవలో ఎవరూ పెద్దగా చోటివ్వలేదనుకోండి.) నాకు రెండూ సమ్మతమే. ఎందుకంటే రెండింట్లోనూ అసలు గీత ఫైల్లో చెక్కుచెదరకుండా ఉంది, సర్దుబాటంతా చూపించేటప్పుడే.

స్నాప్ అలా కాదు. అది రాసేస్తుంది. చెయ్యి 10.37 దగ్గర ఆగితే ఫైల్లో 10 అని పడుతుంది. ఆ 0.37 చేతి వణుకా, కావాలని పెట్టిందా అని తర్వాత ఎవరూ చెప్పలేరు. పైగా 10 అనే అంకె చాలా ధీమాగా కనిపిస్తుంది, అచ్చం మనమే చెప్పినట్టు. 2010లో వచ్చిన ఇలస్ట్రేటర్ సీయస్5లో అయితే వెబ్ కోసమని కొత్త ఫైలు తెరిస్తే చాలు, గీసే ప్రతిదానికీ పిక్సెల్ గళ్ళకి సర్దుకునే గుణం దానంతటదే అంటుకునేది.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళ పుట్టినరోజులు చూడండి. ఎంతమంది సర్టిఫికెట్లలో జూన్ ఒకటో, జూలై ఒకటో ఉంటుందో! బడిలో చేర్చేటప్పుడు, ఫలానా పండగ ముందు, వరదలొచ్చిన ఏడు, అని అమ్మ చెబితే, పంతులుగారు వయసు సరిపోయేలా ఒక తేదీ వేశారు. దయగానే వేశారు. రిజిస్టర్లో 'సుమారుగా' అని రాయడానికి గడి లేదు. ఆ తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కణ్ణించి సర్వీసు రిజిస్టర్‌లోకి, పాన్‌లోకి, ఆధార్‌లోకి నడిచింది. నకలు తీసిన కొద్దీ దాని ధీమా పెరిగింది. చివరికి మనిషి రిటైరయ్యేది ఆ తేదీ ప్రకారమే. అమ్మ చెప్పిన మాట ఏ కాగితంలోనూ లేదు.

స్నాప్ ఉండకూడదని కాదు నేననేది. నేనూ రోజంతా అది ఆన్‌లో పెట్టుకునే పని చేస్తాను. రెండు గీతల మధ్య కంటికి కనపడని సందు ఉంటే, మూసుకున్న గడి అనుకుని రంగు నింపబోయినప్పుడు గడి మూసుకుని ఉండదు. వదిలే ముందు తెరమీద మెరిసే ఆ రంగు గీత కూడా నాకు ఇష్టమే, ఇక్కడికి లాగుతున్నాను సరేనా అని అడిగినట్టు ఉంటుంది. అడగకుండా, పెద్దమనిషిలా, దిగుమతి చేసుకున్న ఫైల్లోని అంకెలన్నిటినీ గుండు చేసే సెట్టింగులతోనే నా తగువు. వాటి అవసరం కూడా అంతగా లేదు. ఎస్‌వీజీ ఫైల్లో షేప్-రెండరింగ్ దగ్గర క్రిస్ప్‌ఎడ్జెస్ అని ఒక్క మాట రాస్తే, అంచులు పదునుగా చూపించమని బ్రౌజర్‌కి చెప్పినట్టు. గీతలు ఏ పిక్సెల్‌లో కూర్చోవాలో అది చూసుకుంటుంది. ఫైల్లో 10.37 మాత్రం 10.37గానే ఉంటుంది.