మౌనం ఎవరి అంగీకారం?

మౌనం అర్ధాంగీకారం అంటారు. పెళ్ళిచూపుల్లో తలొంచుకు కూర్చున్న అమ్మాయి మీద తరాలుగా రుద్దిన ఈ సూత్రాన్ని కాలేజీ క్లాసురూముల్లోనూ వాడేస్తున్నాం. అరవై మందిని ఆరుగురేసి గ్రూపులుగా కూర్చోబెట్టి 'చర్చించండి' అంటాం. పావుగంటయ్యాక ఒకరు లేచి 'మా గ్రూపు అభిప్రాయం ఏమిటంటే...' అని మొదలుపెడతారు. అది నిజంగా ఎవరి అభిప్రాయం?

ఏదైనా గ్రూపు పక్కన కాసేపు నిలబడి చూడండి. మాట్లాడేది ఇద్దరే. 'నీ రైటింగ్ బాగుంటుంది' అంటూ నోట్సు పని ఒకమ్మాయికి అప్పగిస్తారు. అందరి మాటలూ రాసే ఆమె మాట మాత్రం ఆ కాగితం మీద ఉండదు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్ల ఇంగ్లీషులో వాక్యం కూడదీసుకునేలోగా చర్చ ఇంకో విషయంలోకి వెళ్ళిపోతుంది. చివర్లో అందరూ తలలూపుతారు. దాన్ని ఏకాభిప్రాయం అనుకుంటాం.

'వాళ్ళు పెద్దపిల్లలు, స్వేచ్ఛగా మాట్లాడుకోనివ్వండి, మధ్యలో టీచరు పెత్తనమెందుకు?' అనే వాదన వినసొంపుగానే ఉంటుంది. అయితే స్త్రీల ఉద్యమం ఈ స్వేచ్ఛని ఎప్పుడో అనుభవించి చూసింది. నాయకత్వమే వద్దనుకున్న అమెరికా స్త్రీ విముక్తి బృందాలని దగ్గర్నుంచి చూసిన జో ఫ్రీమన్ 1970ల మొదట్లోనే హెచ్చరించింది. నియమాలు లేవని చెప్పుకునే బృందాల్లోనూ పెత్తనం ఉంటుంది. కనిపించదు కాబట్టి దాన్ని నిలదీయడం మరీ కష్టమవుతుంది. క్లాసులోనూ అంతే. టీచరు తప్పుకున్న జాగా ఖాళీగా ఉండదు. కులం, పురుషాధిక్యం, ఇంగ్లీషు వచ్చి అందులో కూర్చుంటాయి.

మరి నోరు విప్పని అమ్మాయిని లేపి 'నువ్వు చెప్పు' అంటే సరిపోతుందా? రిజర్వేషన్ల మీద చర్చ వచ్చినప్పుడు అందరి చూపులూ దళిత విద్యార్థిని వైపు తిరగడం మనకి తెలిసిందే. ఆమె తన జీవితాన్ని పాఠంగా విప్పి చూపించాలా? తక్కినవాళ్ళు విని జాలిపడో, వాదించో ఇళ్ళకి వెళ్ళిపోతారు. ఆమె మాత్రం రేపు మళ్ళీ వాళ్ళ మధ్యే కూర్చోవాలి. మాట్లాడే హక్కు ఎంత ముఖ్యమో, చెప్పకుండా ఉండే హక్కూ అంతే ముఖ్యం. ఎంచుకున్న మౌనం వేరు, చోటు దొరకని మౌనం వేరు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. చిక్కంతా అక్కడే.

ధైర్యం నూరిపోసినంత మాత్రాన ఈ చిక్కు వీడదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో తెల్లజాతి, నల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లలు కొత్తగా ఒకే బడుల్లో కలిసి, గొడవలు రేగినప్పుడు ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పని స్వరూపాన్నే మార్చాడు. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. పక్కవాళ్ళు చెప్పేది వినకపోతే ఎవరికీ పాఠం పూర్తికాదు. వినడం దయ కాకుండా అవసరమైంది.

అవి బడిపిల్లల తరగతులే అయినా, కాలేజీలకీ అందులో నేర్చుకోవలసింది ఉంది. మాటకి ముందు రెండు నిమిషాలు అందరూ రాసుకోవడం. వరసగా అందరికీ వంతు, వద్దనుకుంటే వదిలేసే వీలు. నోట్సు పని ప్రతిసారీ చేతులు మారడం. తెలుగులో చెప్పినా చెల్లడం. విభేదించినవాళ్ళ మాట కూడా గ్రూపు నివేదికలో చేరడం. ఇన్ని చేశాక కూడా ఆమె మాట్లాడకపోతే, అది ఆమె ఇష్టమని కొంతవరకైనా అనగలం.

'అమ్మాయిలకి చొరవ లేదండీ' అనడం స్టాఫ్‌రూముల్లో చాలా సులువు. వినడం ఎన్నడూ నేర్వనివాళ్ళకి వినడం నేర్పడం కూడా మన పనేనని ఒప్పుకోవడమే కష్టంగా ఉంది.