'థియరీయే కదా!' అనే ముందు

పిల్లలు బడిలో నేర్చుకొచ్చిన విషయం తమకు నచ్చకపోతే "అది థియరీయే కదా! రుజువై ఉంటే లా అయ్యేది" అని కొట్టిపారేసే పెద్దలు చాలామంది ఉన్నారు. దీనికి మన భాషలూ కొంత కారణమే. తెలుగువారి వాడుకలో 'థియరీ' అంటే ఆచరణకు పనికిరాని పుస్తకాల మాట. ఉర్దూలో సిద్ధాంతాన్నీ 'నజరియా' అంటారు, ఎవరి సొంత అభిప్రాయాన్నీ 'నజరియా' అనే అంటారు. 'కానూన్' అనగానే మాత్రం తిరుగులేనిదన్న భావన కలుగుతుంది. విజ్ఞానశాస్త్రంలో ఈ పదాల అర్థం వేరు.

ప్రకృతిలో ఏది ఏ క్రమంలో జరుగుతుందో చెప్పేది నియమం. అలా ఎందుకు జరుగుతుందో వివరించేది సిద్ధాంతం. సైకిలు పంపు మూతిని వేలితో మూసి పిడిని నొక్కి చూడండి. లోపలి గాలి ఎంత ఇరుకైతే అంతగా ఎదురు నెడుతుంది. ఉష్ణోగ్రత మారకుండా ఉంటే, గాలి పరిమాణం సగమైనప్పుడు పీడనం రెట్టింపవుతుందని బాయిల్ 1662లో ప్రకటించాడు. ఇది నియమం. గాలిలోని అణువులు నిరంతరం కదులుతుంటాయని, ఇరుకు చోట అవి గోడలను మరింత తరచుగా ఢీకొంటాయని 19వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న అణుచలన సిద్ధాంతం వివరించింది. అది ఎంత బలపడినా నియమంగా మారలేదు, మారదు కూడా. రెండింటి పనులు వేరు. పైగా, పీడనం మరీ ఎక్కువైతే బాయిల్ నియమమే సరిగా వర్తించదు. ఎందుకు వర్తించదో చెప్పేది సిద్ధాంతమే.

మన రోజా విషయమే తీసుకోండి. నారాయణఖేడ్ హైదరాబాద్‌కు పడమర వైపున ఉంది. అందువల్ల ఇక్కడ సూర్యుడు సుమారు మూడు నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తాడు. కాలాన్ని బట్టి ఇది కాస్త అటూ ఇటూ అవుతుంది. హైదరాబాద్ ఇఫ్తార్ వేళను ఇక్కడ పాటిస్తే తొందరపడినట్లే. 14వ శతాబ్దంలో డమాస్కస్ మస్జిదులో నమాజు వేళలు లెక్కగట్టిన ఇబ్నుష్షాతిర్ కాలంలో, సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతాడన్నది సిద్ధాంతం. తర్వాత ఆ సిద్ధాంతం తొలగిపోయింది. సూర్యాస్తమయ క్రమం మాత్రం అలాగే నిలిచింది. అయితే సిద్ధాంతాలను నమ్మలేమా? అలా కాదు. అంతకంటే బలమైన ఆధారాలు ముందుకు వచ్చినందువల్లనే అది తొలగింది. ఎవరో 'థియరీయే కదా' అన్నందుకు కాదు.

మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని ఒకప్పుడు నమ్మేవారు. ఆ పేరుకు అర్థమే అది. దోమలు కారణం కావచ్చన్నది మొదట కేవలం ఊహే. సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమలను కోసి పరిశీలించాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ పొట్టలో మలేరియా క్రిమిని గుర్తించాడు. తర్వాతి పరిశోధనలు ఆ ఊహను సిద్ధాంతంగా నిలబెట్టాయి. ఈ రోజు మనం దోమతెర కడుతున్నామంటే, ఇంటి చుట్టూ నీరు నిలవకుండా చూస్తున్నామంటే దాని ఆధారంగానే. జ్వరంతో వణుకుతున్న బిడ్డ పక్కన కూర్చుని 'అది థియరీయే కదా' అని ఎవరైనా అంటారా?

జీవపరిణామ సిద్ధాంతం విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. దానికి శిలాజాలు, డీఎన్ఏ వంటి ఆధారాలు ఉన్నాయి. ప్రశ్నించదలచినవారు వాటిని చదివి ప్రశ్నించాలి. 'థియరీ' అన్న ఒక్క పదాన్ని పట్టుకుని తోసిపుచ్చడం సమాధానం కాదు. తెలియని విషయం వెంట పడవద్దని, వినికిడి, చూపు, హృదయం అన్నింటి గురించీ ప్రశ్నించబడుతుందని దివ్యఖుర్‌ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో హెచ్చరిస్తోంది. ధర్మం పక్షాన మాట్లాడుతున్నామన్న కారణంతో ఈ బాధ్యత తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

ఆలోచించండి. నియమానికీ సిద్ధాంతానికీ గల తేడా రేపు మన బిడ్డకు పుస్తకంలో కనిపిస్తుంది. అప్పుడు వాడు మనం చెప్పిన ఆ ఒక్క మాటనే అనుమానించి ఊరుకోడు. మనం నేర్పిన నమాజునూ, రోజానూ అదే చూపుతో చూస్తాడు. తెలిసింది చెబుదాం. తెలియనప్పుడు 'అల్లాహ్‌కే బాగా తెలుసు' అని ఒప్పుకుని, బిడ్డతో కలిసి తెలుసుకుందాం.