ఖరీదైన కత్తి కొనదగునా?

మన సంఘములలోని యౌవనస్థులు కొందరు ఈ మధ్య అడుగుతున్న ప్రశ్న ఇది. మడతపడే చాకు కాదు. కోసే అలుగు పిడిలోనికి దిగి కదలకుండా నిలిచే మంచి కత్తి. విదేశములలో చేసిన అటువంటి కత్తి వెల పది వేల రూపాయలు దాటడం అరుదు కాదు. సంతలో కొన్ని వందలకు కూడా కత్తి దొరుకుతుంది. ఒకసారి కొంటే జీవితమంతా వస్తుందని చిన్నవారు అంటారు. కోసేది వంకాయే గదా, ఇంత డబ్బు దండుగ కాదా అని పెద్దవారు అంటారు. ఈ వాదన చిన్నదిగా కనబడుతుంది గాని, ఇందులో మన సంపాదన, మన పని, మన గర్వము, మన పొరుగువాని చేయి కూడా ఇమిడి ఉన్నాయి. కాబట్టి కాస్త ఓపికగా ఆలోచిద్దాము.

కోలారు బంగారు గనుల నీడలో బ్రతికిన మనకు ఈ విషయము త్వరగా బోధపడవలె. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు అడుగుపెట్టినది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే వరకు ఈ నేలలో నుండి 800 టన్నులకు పైగా బంగారము తీశారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు పోయింది. గనులు మూసిన నాడు నేలలో బంగారము పూర్తిగా అయిపోలేదు. దానిని తవ్వి పైకి తెచ్చే ఖర్చు దాని ధరను మించిపోయింది, అంతే. లోహము గొప్పదే, కాని పెట్టిన వెలకు తగలేదు. ఒక వస్తువు విలువైనది కావడం వేరు, మనము దానికి చెల్లించే వెలకు తగినది కావడం వేరు. ఈ పాఠము నేర్చుకొనుటకు మన ఊరు చెల్లించిన వెల తక్కువ కాదు. బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా అని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఇక కత్తి సంగతి చూద్దాము. ఎక్కువ వెల పెట్టితే నిజముగా మనకు దొరికేది ఏమిటి? మొదటిది, ఉక్కు. ఇనుములో తగిన పాళ్లలో కర్బనము కలిస్తేనే అది పదును పట్టే ఉక్కు అవుతుంది. రెండవది, కాల్చుట. ఎర్రగా కాల్చిన అలుగును నూనెలోనో నీటిలోనో ముంచితే గట్టిపడుతుంది, కాని గాజువలె పెళుసవుతుంది. మరల తక్కువ వేడిలో మెల్లగా కాచినప్పుడే ఆ పెళుసు తగ్గి దెబ్బకు ఓర్చుకుంటుంది. ఈ రెండవ కాపులో తొందరపడినవాని కత్తి చూపులకు బాగుంటుంది గాని, ఎముక తగలగానే అంచు పెచ్చులూడుతుంది. మూడవది, పిడి. ఉక్కు పిడి చివరి వరకు ఒకే ముక్కగా సాగిన కత్తి గట్టిది. వేలెడంత ముక్క మాత్రమే పిడిలో దూర్చిన కత్తి బలముగా నరికినప్పుడు ఊడి వస్తుంది. ఈ మూడింటికి చెల్లించే డబ్బు న్యాయమైనదే. దానిని దుబారా అనకూడదు.

అయితే దీనికి ఒక హద్దు ఉన్నది. ఉక్కు ఎంత గట్టిదైతే పదును అంత కాలము నిలుస్తుంది. పదును పోయినప్పుడు మరల పట్టడం అంత కష్టమవుతుంది. మిక్కిలి గట్టి ఉక్కులు కొన్ని మన ఇంటి సానరాయికి లొంగవు. వజ్రపు పొడి పూసిన పలక కావలె. అది కొనలేక, సాన పట్టేవాడు దొరకక, పది వేల కత్తి మొండిదై మూల పడితే, రోజూ రాతి మీద గీసుకొనే మూడు వందల కత్తి దానికంటె మేలు కాదా? సౌలు కాలములో ఇశ్రాయేలీయులకు కమ్మరివాడు లేక, నాగలి కర్రులకు పదును పెట్టించుకొనుటకు ఫిలిష్తీయుల యొద్దకు పోయిన సంగతి సమూయేలు మొదటి గ్రంథము 13వ అధ్యాయములో ఉన్నది. అందుకు ఇచ్చిన వెండి తూకము పేరు పీము. ఆ పేరు చెక్కిన తూకపు రాళ్లు తవ్వకాలలో దొరికాయి. ఒక్కొక్కటి సుమారు ఏడున్నర గ్రాములు. పనిముట్టు మనదే అయినా పదును పరాయివాని చేతిలో ఉంటే ప్రతిసారి కప్పము కట్టవలసినదే.

ఒక లెక్క వేద్దాము. ఇంటి వంటకు ఆరు వందల కత్తి మూడేండ్లు వచ్చినదనుకుందాము. ఏటికి రెండు వందలు. తొమ్మిది వేల కత్తి దానికి సరితూగాలంటే నలభై ఐదేండ్లు రావలె. మా వయసువారు కొంటే మనుమలు ఆ లెక్క పూర్తి చేయవలసి ఉంటుంది! ఇప్పుడు దినమంతా ఎండలో నిలబడి బోండాలు కొట్టే సహోదరుని సంగతి తీసుకుందాము. అదే ఆరు వందల కత్తి అతనికి ఆరు నెలలే వచ్చినదనుకుంటే ఏటికి పన్నెండు వందలు. మూడు వేల కత్తి ఐదేండ్లు వస్తే ఏటికి ఆరు వందలే. వంటింటికి దుబారా అయినది అతనికి పొదుపు అవుతుంది. కాబట్టి కత్తి ఖరీదైనదా చవకదా అనేది కత్తిని చూసి చెప్పగలిగినది కాదు, అది చేసే పనిని చూసి చెప్పవలసినది.

లెక్కకు రాని సంగతి ఇంకొకటి ఉన్నది. కత్తి కొనే చేయి, కత్తి పట్టే చేయి ఎప్పుడూ ఒకటి కావు. మన జిల్లాలో మల్బరీ తోటలలో రెమ్మలు కోసేవారు, శ్రీనివాసపురము వైపు మామిడి తోటలలో కొమ్మలు కొట్టేవారు, పెండ్లి వంటలలో బస్తాల కొద్దీ కూరగాయలు తరిగేవారు ఎక్కువగా కూలివారు. మొండి కత్తితో కోసేవాడు ఎక్కువ బలము పెట్టవలె. బలము పెట్టినప్పుడే కత్తి జారి వేలు తెగుతుంది. మొండి కొడవలితో మల్బరీ కొమ్మ బెరడు చీలి చెట్టుకూ నష్టమే. తన ఇంటి అద్దాల బీరువాలో ఖరీదైన కత్తి దాచుకొని, కూలివాని చేతికి పిడి ఊడే కత్తి ఇచ్చిన యజమాని పొదుపు చేశాడని అనగలమా? పనివాని పనిముట్టులో, రక్షణలో మిగిల్చిన డబ్బు పనివాని శరీరము చెల్లిస్తుంది. గని రాతి ధూళి ఊపిరితిత్తులలో చేరి దగ్గుతో కుంగిపోయినవారిని చూసిన ఊరు మనది. ఈ మాట మనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

గర్వమును గూర్చి కూడా ఒక మాట. కొందరికి కత్తి పనికి కాదు, నడుముకు కావలె. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక పనులకు చేసినవి తప్ప, 9 అంగుళాల కంటె పొడవు లేక 2 అంగుళాల కంటె వెడల్పు అలుగు గల కత్తులను మన ఆయుధ నిబంధనలు ఆయుధముల పట్టికలో చేర్చాయి. చట్టము సహితము పనిని బట్టియే కత్తిని తూచుతున్నది గదా. చూపుటకు మాత్రమే కొన్న కత్తి ఎంత మంచిదైనా, దాని వెలలో ఎక్కువ భాగము ఇతరుల కన్నులకు చెల్లించినదే.

విదేశీ పేరు చెక్కి ఉంటేనే మంచిదనే భ్రమ కూడా వద్దు. నిజామాబాదు ప్రాంతములోని కోనసముద్రములో మూసలలో కరిగించి చేసిన ఉక్కు కోసము ఒకప్పుడు పారసీక వర్తకులు అంత దూరము నుండి వచ్చేవారు. ఐరోపావారు ఊట్జ్ అని పిలిచిన మాట మన ఉక్కు నుండి వచ్చినదేనని పండితుల అభిప్రాయము. ఈనాడు కూడా పాత లారీ కమాను పట్టీని కొలిమిలో సాగదీసి, సరిగా కాల్చి ఇచ్చే కమ్మరి దొరికితే, అతని కత్తి మన పనులకు చాలును. అతనికి బేరమాడకుండా ఇచ్చే వంద రూపాయలు కొలిమిని ఆరనివ్వవు. కత్తి మొండిదైన దినమున మన కత్తికి పదును పెట్టేది అతడే.

కాబట్టి కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాము. దీనితో దినదినము ఏ పని చేస్తాము? దీనికి పదును ఎవరు పెడతారు? ఇది ఎవరి చేతికి? మూడింటికి జవాబు ఉంటే, చేతనైనంతలో మంచి కత్తినే కొనండి. మంచి పనిముట్టుకు డబ్బు పెట్టినందుకు సిగ్గుపడనక్కరలేదు. ఒక్కదానికి జవాబు లేకపోయినా అంగడిలోనే ఉండనివ్వండి. ఎటూ తేల్చుకోలేనివారు ముందుగా ఒక మంచి సానరాయి కొని, ఇంట్లో ఉన్న కత్తికి పదును పెట్టడం నేర్చుకొనవలెనని మా సలహా. ఆరు నెలలు ఆ పని విడువక చేసినవారికి, తమకు ఖరీదైన కత్తి కావలెనో వద్దో మేము చెప్పనవసరము ఉండదు.