తుడిచివేయవలసినది ఎవరు?



పాత కంప్యూటరును ఎవరికైనా ఇచ్చేటప్పుడు, ఫైళ్ళను డిలీట్ చేశాము గదా అని నిశ్చింతగా ఉంటాము. అది పుస్తకములోని విషయసూచికను మాత్రమే చింపి, తక్కిన పేజీలను అలాగే ఉంచడము వంటిది. ఫైలు ఎక్కడున్నదో కంప్యూటరు మరచిపోతుంది. అందులోని అక్షరాలు మాత్రము వాటిమీద మరొకటి వ్రాయబడేవరకు హార్డ్ డిస్కులోనే ఉంటాయి.

అమెరికాలో గార్ఫింకెల్, షెలాట్ అను ఇద్దరు పరిశోధకులు 158 పాత డిస్కులు కొని పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. పనిచేసినవి 129. వాటిలో సరిగా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు, రోగుల వివరాలు కూడా దొరికాయి.

"మా దగ్గర దాచుకోవలసినది ఏముంది?" అని కొందరు అంటారు. ఆ ప్రశ్నే సరికాదని నా అభిప్రాయము. ఉన్నది మన సంగతులే అయితే ఎవరి ఇష్టము వారిది. కాని సంఘ కార్యాలయపు కంప్యూటరులో ఎవరెవరున్నారు? సహాయము కోరి దరఖాస్తు పెట్టుకున్న విధవరాలు, బిడ్డ జబ్బు గూర్చి వివరముగా వ్రాసిన తండ్రి, ఇంటి తగాదా చెప్పుకున్న కోడలు. వారు మనలను నమ్మి చెప్పారు. కంప్యూటరు చేతులు మారిన సంగతి వారికి తెలియనే తెలియదు. తెలియనివారు జాగ్రత్తపడలేరు గనుక ఆ భారము ఇచ్చేవారి మీదనే ఉన్నది. పుచ్చుకొనేవాడు మంచివాడే అన్న మాట ఇక్కడ చెల్లదు. వారు చెప్పుకున్నది అతనికి కాదు.

అలాగని మంచి డిస్కును సుత్తితో పగులగొట్టడము నాకు నచ్చదు. చదువుకునే పిల్లవానికి అది పనికివస్తుంది. ముందుగా, ఉంచవలసిన చిట్టాలకు వేరొకచోట నకలు తీయాలి. లోపల పళ్ళెము తిరిగే డిస్కునైతే మొదటినుండి చివరివరకు ఒక్కసారి సున్నాలతో నింపితే సాధారణముగా చాలును. 35 సార్లు అనే లెక్క 1996లో పీటర్ గుట్‌మన్ వ్రాసిన వ్యాసములోనిది. ఆనాటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి చెప్పినది, నేటివాటికి అక్కరలేదు. ఎస్.ఎస్.డి. సంగతి వేరు. ఎక్కడ వ్రాయాలో అది లోలోపల తానే మార్చుకుంటుంది గనుక మన సున్నాలు అన్ని చోట్లకు చేరవు. దానికి తయారుచేసినవారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ ఆదేశము వాడాలి. చెడిపోయి అసలు పనిచేయని డిస్కుకు మాత్రము సుత్తియే గతి.

పెద్ద డిస్కుకు కొన్ని గంటలు పడుతుంది. రిపేరు చేసే అబ్బాయిచేత చేయించేటట్లయితే, డిస్కును అతని షాపుకు పంపక కార్యాలయములోనే చేయించండి.