ఆలస్యంగా వచ్చిన వెలుగు

మురుంగపాక్కంలో మా మేడ మీద నిలబడితే వీధి దీపాల కాంతిలో కొన్ని చుక్కలే కనిపిస్తాయి. మిగతావి లేవని కాదు, మన కంటికి అందేవి అంతే. న్యాయశాస్త్రం చదివి, బస్తీల్లో పనిచేస్తున్న నన్ను ఒక ప్రశ్న చాలాకాలంగా వెంటాడుతోంది. ఆలస్యంగా వచ్చిన మాటను ఎలా తూచాలి?

క్వాజార్ల గురించి చదివాక నాకొక దారి దొరికింది. 3సి 273 అనే చుక్క మామూలు నక్షత్రం కాదని, ఎంతో దూరాన ఉందని 1963లో మార్టెన్ ష్మిట్ తేల్చాడు. దాని వెలుగు బయలుదేరి 200 కోట్ల ఏళ్లు దాటింది. అలాంటి జ్యోతి నడుమ ఒక కృష్ణబిలం, దాని చుట్టూ సుడి తిరిగే వాయువు పళ్లెం ఉంటాయి. బాగా వేడిగా ఉండే లోపలి అంచు నుంచి అతినీలలోహిత కాంతి, బయటి భాగం నుంచి కంటికి కనిపించే కాంతి, ఇంకా దూరపు ధూళి నుంచి పరారుణ కాంతి వస్తాయి. నడుమ వెలుగు పెరిగితే ఆ మార్పు అన్నిటిలో ఒకేసారి కనిపించదు. సాధారణంగా అతినీలలోహితంలో ముందు, ఆ తర్వాత దృశ్యకాంతిలో, ధూళిలో నెలలకో ఏళ్లకో తెలుస్తుంది. మన వాతావరణం ఎక్స్ కిరణాలను, అతినీలలోహితంలో చాలా భాగాన్ని అడ్డుకుంటుంది. అందుకే 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్‌ను పంపారు. ఒకే జ్యోతిని అనేక తరంగాల్లో ఒకేసారి చూడగల వేధశాల అది.

ధూళి ఆలస్యంగా వెలిగిందని శాస్త్రజ్ఞులు దాన్ని అనుమానించరు. ఆ ఆలస్యాన్ని కొలుస్తారు. కాంతి వేగం తెలుసు కనుక ఆలస్యమే దూరాన్ని చెబుతుంది.

కొన్నేళ్ల క్రితం, ఇళ్లలో పనిచేసే ఒకామె తనపై యజమాని చేసిన దౌర్జన్యాన్ని పద్నాలుగు నెలల తర్వాత నాతో చెప్పుకుంది. "ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావమ్మా?" అన్నాను. "అప్పు తీరేదాకా నోరెలా తెరుస్తానక్కా?" అంది. మళ్లీ రాలేదు.

ఫిర్యాదు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కేసు కొట్టేయకూడదని, ఆలస్యానికి తగిన వివరణ ఉందో లేదో చూడాలని నేను చదువుకున్నదే. అయినా ఆ రోజు నా గొంతులో ఉన్నది అనుమానం. ఆమె దాన్ని విన్నది.

అలాగని ఆలస్యంగా వచ్చిన ప్రతి మాటా నిజమైపోదు. ఆకాశంలోనూ సంబంధం లేని రెండు మార్పులు పక్కపక్కనే రావచ్చు. అందుకే ఏళ్ల తరబడి, పలు తరంగాల్లో చూసి సరిపోలుస్తారు. ఆమె విషయంలోనూ చూడవలసినవి ఉన్నాయి: అప్పు కాగితం, పని మానేసిన తేదీ, ఆ ఇంట్లో అంతకుముందు పనిచేసినవాళ్ల మాట. నేను ఒక్కటీ చూడలేదు. నమ్మకపోవడానికి కూడా విచారణ కావాలి కదా!

హేతువు లేకుండా ఏదీ పుట్టదని బుద్ధుడు బోధించాడు. మౌనానికీ హేతువు ఉంటుంది. కాంతి వేగం ఎవరికోసమూ మారదు. పేదరాలి మాట మాత్రం అప్పును, భయాన్ని, కులాన్ని దాటుకుంటూ రావాలి. ఆమె మాట నన్ను చేరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ దూరంలో కొంత నేను కూర్చున్న కుర్చీది కూడా.

ఇప్పుడు ఎవరైనా ఆలస్యంగా వస్తే ముందు కూర్చోమంటాను. "ఇన్నాళ్లూ నీకు ఏది అడ్డొచ్చిందమ్మా?" అని అడుగుతాను. జవాబు పూర్తయ్యేదాకా వింటాను. ఆ తర్వాతే కాగితాలు.